బస్తర్ ఇనుము, మడత చాకు: పదును వెనుక ఉన్న లోహశాస్త్రం

విశాఖపట్నం నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైలెక్కితే దారిపొడవునా ఎర్రటి రాయి నింపుకున్న గూడ్సు బండ్లు ఎదురొస్తుంటాయి. ఆ రాయి బైలాడిలా కొండలది. ఎద్దు మూపురంలా కనిపిస్తాయని ఆ కొండలకు ఆ పేరు వచ్చింది. అక్కడి హెమటైట్ ఖనిజంలో ఇనుము 65 శాతం వరకు ఉంటుంది. ఎన్‌ఎండీసీ సంస్థ 1968 నుంచి దాన్ని తవ్వుతోంది. జగదల్‌పూర్ దగ్గర నగర్‌నార్‌లో ఏడాదికి 30 లక్షల టన్నుల ఉక్కు చేయగల కర్మాగారం కూడా 2023లో మొదలైంది. జగదల్‌పూర్ నుంచి రాయ్‌పూర్ రోడ్డులో సుమారు 75 కిలోమీటర్లు వెళితే కొండగావ్ వస్తుంది. భౌగోళిక గుర్తింపు పొందిన బస్తర్ ఇనుప కళకు అది ముఖ్య కేంద్రం. దీపస్తంభాలు, జింకలు, డోలు వాయించే మనుషులు, గోడకు తగిలించే చెట్లు, అన్నీ కొలిమిలో కాల్చి, దాగలి మీద సుత్తితో సాగదీసి చేసినవే.

ఇవన్నీ చూసినవారికి ఒక ఆలోచన రావడం సహజం. ఇంత ఇనుము, ఇంతటి పనివాళ్లు ఉన్నచోట జేబులో పెట్టుకునే మంచి మడత చాకు ఒకటి చేయించుకుంటే బాగుంటుంది కదా అని. చేతితో చేసిన మడత చాకులకు ఇప్పుడు దేశంలో గిరాకీ పెరుగుతోంది, వాటి ధరలూ తక్కువేమీ కాదు. అయితే కళాఖండానికి పనికొచ్చే ఇనుము చాకుకు పనికిరాదు. పైకి చూస్తే రెండూ ఒకేలా మెరుస్తాయి. తేడా ఎక్కడుందో కొనేవారికి తెలియనప్పుడు ఉక్కును ఓపికగా పదును పెట్టిన కమ్మరికీ, మెత్తని ఇనుప రేకుకు నగిషీ చెక్కి అమ్మినవారికీ ఒకే ధర దక్కుతుంది. కొన్నాళ్లకు మొదటి కమ్మరి ఆ శ్రమ మానేస్తాడు. అందుకే చాకు ఎంపికలో అందం సంగతి చివర చూసుకోవచ్చు. ముందు చూడాల్సింది కర్బనం.

మెత్తన ఇనుము, గట్టి ఉక్కు

శుద్ధమైన ఇనుము మెత్తనిది. అందులో కొద్దిగా కర్బనం కలిస్తే ఉక్కు అవుతుంది. ఆ 'కొద్దిగా' ఎంత అన్నదాన్ని బట్టే వస్తువు స్వభావం మారిపోతుంది. కిటికీ చువ్వలు, రేకులు, కోణాల పట్టీలుగా దొరికే మామూలు ఇనుములో కర్బనం సుమారు 0.1 నుంచి 0.25 శాతం. కొండగావ్ కళాకారులకు కావాల్సింది ఇలాంటిదే. ఎర్రగా కాల్చి వంచితే వంగాలి, చుడితే చుట్టుకోవాలి, పగలకూడదు. చాకుకు కావాల్సింది వేరు. వెంట్రుక కన్నా సన్నని అంచు వెదురును, తాడును, పచ్చి కొమ్మను కోసి కూడా మడతపడకుండా నిలబడాలి. దానికి కర్బనం కనీసం అర శాతం, మేలైన చాకుల్లో 0.6 నుంచి 1 శాతం వరకు ఉండాలి.

ఒకప్పుడు బస్తర్ అడవుల్లో ఇనుమును మట్టి కొలుముల్లోనే తీసేవారు. తిత్తులతో గాలి ఊది, కట్టెబొగ్గు మంటలో 1200 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఖనిజాన్ని కాల్చేవారు. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి. కాబట్టి అది కరగదు. చిట్టెం కరిగి కారిపోగా స్పాంజిలాంటి ముద్ద మిగులుతుంది. ఆ ముద్దను కొట్టి కొట్టి మిగిలిన చిట్టెం వెళ్లగొడితే పనికొచ్చే ఇనుము వస్తుంది. అది తుప్పును చక్కగా ఓర్చుకుంటుంది, కానీ దానిలో కర్బనం ఒకచోట ఉంటే మరోచోట ఉండదు. అందుకే పాత కమ్మరులు గొడ్డలి మొత్తాన్ని మెత్తని ఇనుముతో చేసి, అంచుకు మాత్రం ఉక్కు ముక్క అతికేవారు. తెలుగు పల్లెల్లో గొడ్డలికి 'ఉక్కు వేయించడం' అంటే ఇదే. ఖరీదైన ఉక్కు అవసరమైన చోటే పెట్టి, మిగతా బరువును చవక ఇనుముతో నింపడం తెలివైన పద్ధతి. నేటి ఖరీదైన జపాను కత్తుల్లో కొన్ని ఇప్పటికీ ఈ దారిలోనే తయారవుతున్నాయి.

నేటి పల్లె కమ్మరి ఉక్కు కోసం ఖనిజం వైపు చూడడు, లారీ మెకానిక్ షెడ్డు వైపు చూస్తాడు. లారీ కింద బరువు మోసే కమాను పట్టీలు స్ప్రింగు ఉక్కుతో చేసినవి. వాటిలో కర్బనం సుమారు 0.5 నుంచి 0.6 శాతం. దానికి తోడు రకాన్ని బట్టి సిలికానో, క్రోమియమో ఉంటుంది. పాత ఆకురాళ్లలో కర్బనం 1 శాతం పైనే. బేరింగుల ఉక్కులో 1 శాతం కర్బనం, సుమారు 1.5 శాతం క్రోమియం. బైలాడిలా పక్కనే ఉన్నా, మంచి కొడవలి పుట్టేది తుక్కు దుకాణంలోనే! నగర్‌నార్ కర్మాగారంలో తయారయ్యే ఉక్కు చుట్టలు కూడా ప్రధానంగా నిర్మాణాలకు, గొట్టాలకు, యంత్ర భాగాలకే గాని చాకు అలుగులకు కాదు.

తుక్కులో ఒక చిక్కుంది. ఏళ్లతరబడి బరువు మోసిన కమానులో కంటికి కనిపించని సన్నని పగుళ్లు ఉండవచ్చు. పైగా అది ఏ రకం ఉక్కో చీటీ రాసి ఉండదు. అనుభవం ఉన్న కమ్మరి దాన్ని సానచక్రానికి తాకించి నిప్పురవ్వలు చూస్తాడు. మామూలు ఇనుమైతే రవ్వలు పొడవైన గీతల్లా సాగిపోతాయి. కర్బనం ఎక్కువున్న ఉక్కైతే అవి దగ్గర్లోనే చిచ్చుబుడ్డి పూలలా విచ్చుకుంటాయి. గాలిలో మండే రవ్వలోని కర్బనం వాయువుగా మారి రవ్వను పేల్చడమే దీనికి కారణం. ఖరీదైన చాకు కొనేవారు అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఇది ఏ ఉక్కు?' అన్నది. 'కమాను ముక్క, కొట్టి చూశాను, రవ్వ చూశాను' అనే జవాబు 'స్పెషల్ స్టీలు సార్' అనే జవాబు కన్నా ఎంతో నమ్మదగినది.

పదును అన్న మాటకు రెండు అర్థాలు

వాన పడ్డాక నేల పదునెక్కిందంటాడు రైతు. కత్తి పదునుగా ఉందంటాం. రెండూ ఒకే మాట. నేలలో తడి సరిపోయే స్థితికి చేరడం ఒకటైతే, లోహం సరైన స్థితికి చేరడం మరొకటి. అంచును సానరాయిపై నూరడం ఆ తర్వాతి సంగతి. లోహానికి పదును రాకపోతే ఎంత నూరినా ఆ అంచు పూటలో మొద్దుబారుతుంది.

ఉక్కును 800 డిగ్రీలు దాటించి కాల్చినప్పుడు అందులోని ఇనుప పరమాణువుల అమరిక మారుతుంది. ఆ కొత్త అమరికలో కర్బన పరమాణువులు దూరడానికి చోటు ఎక్కువ. మెల్లగా చల్లారనిస్తే పాత అమరిక తిరిగి వస్తూ కర్బనాన్ని బయటికి నెట్టేస్తుంది, ఉక్కు మెత్తబడుతుంది. ఒక్కసారిగా నూనెలో ముంచితే కర్బనానికి తప్పుకునే వ్యవధి ఉండదు. ఎక్కడిది అక్కడే ఇరుక్కుపోయి చుట్టూ ఉన్న ఇనుప అమరికను సాగదీసి బిగించేస్తుంది. మార్టెన్‌సైట్ అనే ఈ స్థితిలో ఉక్కు గాజులాగా గట్టిగా, గాజులాగే పెళుసుగా ఉంటుంది.

థర్మామీటర్ లేని కొలిమిలో 800 డిగ్రీలను గుర్తుపట్టేదెలా? అలుగు దొండపండు రంగుకు వచ్చిందా అని నీడలో చూస్తారు. దానికన్నా నమ్మకమైన సాధనం అయస్కాంతం. 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంత గుణాన్ని పోగొట్టుకుంటుంది. అయస్కాంతానికి అంటుకోవడం ఆగిన తర్వాత మరికొంచెం కాల్చి, అన్ని వైపులా వేడి సమానంగా పట్టాక ముంచాలి. ఎక్కువ కాలిస్తే నష్టమే. లోపలి స్ఫటికాలు పెరిగిపోయి, విరిచి చూస్తే పంచదార పలుకుల్లా కనిపిస్తాయి. అలాంటి అలుగు చిన్న దెబ్బకే విరుగుతుంది. స్ప్రింగు ఉక్కును నీళ్లలో ముంచితే కూడా చిట్లే ప్రమాదం ఉంది. నూనె కాస్త నిదానంగా చల్లారుస్తుంది కాబట్టి దానికి అదే తగినది.

ముంచి తీసిన అలుగును అలాగే వదిలేయకూడదు. మళ్లీ 180 నుంచి 250 డిగ్రీల మధ్య కాసేపు వేడిచేసి పెళుసుదనం తగ్గించాలి. దీన్నే టెంపరింగ్ అంటారు. మెరిసేలా రుద్దిన ఉక్కును ఇలా వేడిచేస్తే దాని ఉపరితలం మీద రంగులు ప్రాకుతాయి. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, 300 డిగ్రీల దగ్గర నెమలి కంఠపు నీలం. ఇది రంగు పూయడం వల్ల వచ్చేది కాదు. వేడికి ఏర్పడే ఆక్సైడు పొర మందం పెరిగేకొద్దీ దాని పైనుంచీ కిందనుంచీ తిరిగొచ్చే కాంతి తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి కొన్ని రంగులను బలపరుస్తాయి, కొన్నింటిని చెరిపేస్తాయి. తడి రోడ్డు మీద పెట్రోలు చుక్క రంగులీనడం కూడా ఈ కారణంగానే. కమ్మరికి మాత్రం ఆ రంగులే ఉష్ణమాపకం.

మడత చాకులో ఇక్కడ ఒక సొగసైన విషయం ఉంది. పాతకాలపు పద్ధతిలో చేసిన చాకులో అలుగుతో పాటు పిడి వెన్నులో ఒక స్ప్రింగు పట్టీ కూడా ఉంటుంది. చాకు తెరిచినప్పుడు అలుగు మడమను అదిమి పట్టి ఉంచేది ఆ పట్టీయే. తరచుగా రెండూ ఒకే ఉక్కుతో తయారవుతాయి. అలుగును ఎండుగడ్డి రంగు దగ్గర ఆపాలి, అంచు గట్టిగా ఉండాలి కాబట్టి. స్ప్రింగును నీలం దాటించాలి, వేల సార్లు వంగి లేవాలి కాబట్టి. స్ప్రింగును అలుగంత గట్టిగా ఉంచితే ఒకరోజు పుటుక్కున విరుగుతుంది. అలుగును స్ప్రింగంత మెత్తబరిస్తే అంచు నిలవదు. ఒకే ముక్కకు కొద్దిపాటి డిగ్రీల తేడాతో రెండు స్వభావాలు ఇవ్వగలిగినవాడి చాకు ఎక్కువ ధర పలకడం న్యాయమే. మడత చాకు బస్తర్ సంతల్లో పేరున్న వస్తువు కాకపోవచ్చు. అక్కడ కమ్మరి ముందు ఎక్కువగా కనిపించేవి గొడ్డళ్లు, కొడవళ్లు, బాణపు ములుకులు. కానీ గొడ్డలి అంచుకు పదును పట్టించగలిగిన చేతికి ఈ విద్య కొత్తది కాదు. కొత్తగా నేర్వాల్సింది మడమ దగ్గరి ఆకురాయి పనే.

చేతిలోకి తీసుకున్నాక

ప్రయోగశాలలో గట్టిదనాన్ని రాక్‌వెల్ 'సి' కొలమానంలో కొలుస్తారు. వజ్రపు మొనను లోహంలోకి నొక్కి అది ఎంత లోతుకు దిగిందో చూస్తారు. మంచి జేబు చాకు అలుగు 57 నుంచి 60 మధ్య ఉంటుంది. ఇంతకన్నా పెద్ద సంఖ్య ఉంటే మరీ మంచిదనుకోవడం పొరపాటు. అంచు గట్టిపడేకొద్దీ రాలిపోయే గుణమూ పెరుగుతుంది, ఇంట్లో నూరుకోవడమూ కష్టమవుతుంది. సంతలో ఈ యంత్రం ఉండదు. కొత్త ఆకురాయి ఉంటే చాలు. దాని గట్టిదనం 62 పైనే. తయారీదారు అనుమతితో, అలుగు వెన్ను మీద కాకుండా అంచుకు దగ్గరగా కనిపించని చోట ఒకసారి మెల్లగా తోయండి. ఆకురాయి కొరికి పొడి రాలితే పదును పట్టలేదు. గాజు మీద జారినట్టు జారిపోతే పట్టింది. వెన్నును పరీక్షిస్తే తప్పుడు ఫలితం రావచ్చు, ఎందుకంటే చాలామంది దాన్ని కావాలనే మెత్తగా ఉంచుతారు.

మరో పరీక్ష ఇంకా సున్నితమైనది. సన్నని ఇత్తడి కడ్డీ మీద చాకు అంచును వాల్చి మెల్లగా అదుముతూ లాగాలి. వెలుతురులో చూస్తే కడ్డీకి తగిలిన చోట అంచు కొద్దిగా వంగడం కనిపిస్తుంది. కడ్డీ దాటగానే తిరిగి నిటారుగా లేస్తే టెంపరింగ్ సరిగ్గా కుదిరినట్టు. వంగింది వంగినట్టే ఉంటే మెత్తన. చిన్న పెచ్చు ఊడితే పెళుసు. కమ్మరి స్వయంగా ఈ పరీక్ష చేసి చూపిస్తానంటే అది మంచి సూచన.

అలుగు మందం చాలామంది పట్టించుకోని విషయం. మొరటుగా, మందంగా ఉన్నది బలమైనదని అనుకుంటారు. నిజానికి కోసేటప్పుడు చేతికి తగిలే బరువులో ఎక్కువ భాగం అంచుకు కాస్త పైన ఉండే మందం వల్ల వస్తుంది. మందపు అలుగు మామిడికాయను కోయదు, చీలుస్తుంది. జేబు చాకు గొడ్డలి పని చేయనక్కరలేదు. వెన్ను నుంచి అంచు వరకు సమంగా సన్నబడుతూ వచ్చి, అంచు పైన అర మిల్లీమీటరు కన్నా సన్నగా ఉంటే కోత హాయిగా సాగుతుంది.

ఇక మడత దగ్గరికి వద్దాం. తెలుగువారికి బాగా తెలిసిన మడత కత్తి మంగలి కత్తే. దానికి స్ప్రింగూ లేదు, తాళమూ లేదు. ఇరుసు దగ్గరి రాపిడి, పట్టుకున్న చేతివేళ్లు, ఈ రెండే ఆధారం. జపాను వారి హిగొనొకామి చాకు కూడా ఇదే సూత్రంపై నడుస్తుంది. ఫ్రాన్సులో 1890లో జోసెఫ్ ఒపినెల్ చేసిన చెక్క పిడి చాకు కూడా మొదట్లో ఇలాంటిదే. తెరిచిన అలుగు వేళ్ల మీదికి మడతపడకుండా ఆపే తిరిగే ఉంగరం దానికి 1955లో చేరింది. స్ప్రింగు ఉన్న చాకైనా సరే, తాళం లేకపోతే మొనతో పొడిచే పనికి వాడకూడదు. మొన ఎక్కడైనా ఇరుక్కుంటే అలుగు వెనక్కి మడిచి వేళ్లను కోస్తుంది.

చాకును తెరిచి, పిడిని ఒక చేత్తో, అలుగును మరో చేత్తో పట్టుకుని పక్కలకు కదిపి చూడండి. ఆట ఉండకూడదు. తాళం ఉన్నదైతే పైకీ కిందికీ కూడా కదలకూడదు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే స్ప్రింగుకూ అలుగు మడమకూ మధ్య సందు కనిపించకూడదు. మూసినప్పుడు అలుగు పిడి మధ్యలో పడుకోవాలి, ఒకవైపు గీసుకోకూడదు, మొన బయటికి పొడుచుకు రాకూడదు. మూసేటప్పుడు అంచు వెళ్లి స్ప్రింగును కొట్టుకుంటే ఒకే రోజులో అక్కడ నొక్కు పడుతుంది. అలుగుకు అటూఇటూ ఇత్తడి రేకులు వేసి ఉంటే మంచిది. ఉక్కు మీద ఉక్కు రాసుకుంటే రెండూ ఒకదాన్నొకటి పట్టి చెరుపుకుంటాయి. ఇత్తడి మీద ఉక్కు నునుపుగా జారుతుంది.

నీటి అలల మాయ

ఖరీదైన చాకుల మార్కెట్లో అందరినీ ఆకర్షించేది అలుగు మీది అలల నమూనా. 'డమాస్కస్' పేరుతో దొరికేవాటిలో దాదాపు అన్నీ రెండు రకాల ఉక్కు పొరలను కొలిమిలో అతికి, మడిచి, మళ్లీ సాగదీసినవి. చివర్లో ఆమ్లగుణం ఉన్న ద్రావణంలో ముంచితే నికెల్ ఉన్న పొర తెల్లగా మిగులుతుంది, మిగతాది నల్లబడుతుంది. నైపుణ్యం అవసరమైన పనే ఇది, కానీ పదునుకు హామీ కాదు. పైపైన ముద్రించిన నకిలీలూ ఉన్నాయి. అలలు వెన్ను మీదుగా ఒక పక్కనుంచి మరో పక్కకు కొనసాగకపోతే అనుమానించాలి.

అసలు ఆ అలలకు తెలుగునేలతో సంబంధం ఉంది. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో ఉక్కు కరిగించేవారు. దాన్ని కొనడానికి పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చేవారు. హెన్రీ వాయిసీ రాసిన ఆ వివరణ 1832లో అచ్చయింది. ఆ ఉక్కులో పొరలు అతికిన పని లేదు. సుమారు ఒకటిన్నర శాతం కర్బనంతో గడ్డకట్టిన ముద్దను తక్కువ వేడిలో సాగదీసినప్పుడు అలలు లోపలి నుంచే పుట్టేవి. ఖనిజంలో అతిస్వల్పంగా ఉన్న వెనేడియం లాంటి మలినాలే కార్బైడు కణాలను వరుసల్లో కూర్చాయని అమెరికాలో లోహశాస్త్రవేత్త వెర్హోవెన్, కమ్మరి పెండ్రే కలిసి 1998లో వివరించారు. శాస్త్రవేత్త ఒక్కడే అయితే ఆ గుట్టు విప్పడం కష్టమయ్యేదేమో!

పిడి, మరకలు, చట్టం

పిడికి టేకు, సిస్సు లాంటి బాగా ఆరిన గట్టి చెక్క సరిపోతుంది. పచ్చి చెక్క ఎండలో కుంచించుకుపోయి రివెట్ల దగ్గర పగులుతుంది. గేదె కొమ్ము కూడా మంచిదే. జింక, సాంబర్ కొమ్ములు మాత్రం వద్దు. అడవిలో రాలిన కొమ్మే అని చెప్పినా సరే, వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం వాటి అమ్మకం కొనుగోలు నేరం.

కర్బన ఉక్కు తుప్పు పడుతుంది. క్రోమియం దాదాపు 11 శాతం దాటితేనే స్టెయిన్‌లెస్ అవుతుంది, తుక్కు కమానులో అంత ఉండదు. పచ్చి మామిడికాయ కోయగానే చాకు నల్లబడితే నాసిరకం అంటగట్టారని కంగారు పడేవారున్నారు. కాయలోని ఆమ్లం, టానిన్లు ఇనుముతో కలిసి ఏర్పరిచే పొర అది. కలంకారీలో ఇనుప కసిం కరక్కాయ పట్టించిన బట్టను తాకి నల్లని గీతగా మారడం కూడా ఇలాంటి చర్యే. ఈ నలుపు అలుగును కొంతవరకు కాపాడుతుంది. ఎర్రటి తుప్పును మాత్రం వెంటనే రుద్దేయాలి.

ఆయుధ నియమాల్లో 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు గల అలుగులపై ఆంక్షలున్నాయి. ఇంటి, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక పనులకు చేసినవాటికి మినహాయింపు ఉంది. జేబు చాకు ఆ కొలతల దరిదాపులకు రాదు. అయినా విమానంలో చేతిసంచిలో దానికి అనుమతి లేదు, చెక్-ఇన్ సామానులో పెట్టాలి. తనిఖీలు ఎక్కువగా ఉండే బస్తర్ రోడ్ల మీద కూడా జేబులో కాకుండా రసీదుతో పాటు సంచి అడుగున కట్టి ఉంచడం మేలు.

చివరగా నూనె. చెక్క పిడికి అవిసె నూనె పట్టించవచ్చు. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడి పొరకడుతుంది. సరిగ్గా అందుకే దాన్ని ఇరుసులో వేయకూడదు. కొన్ని వారాలకు జిగురుగా మారి చాకు తెరుచుకోదు. అరకులోనూ బస్తర్‌లోనూ విరివిగా పండే వలిసెల నూనెకూ కొంత ఈ గుణం ఉంది. ఇరుసుకు కుట్టుమిషన్ నూనె ఒక చుక్క చాలు. మామిడికాయ కోసిన ప్రతిసారీ అలుగును తుడిచి, వానాకాలంలో వారానికోసారి అదే నూనె గుడ్డతో పైపైన రాస్తే సరిపోతుంది.